తెర అవతలి చప్పుడు

నా చెవుల గురించి ముందే చెప్పేస్తాను. కళ్ళు ఎప్పుడో మసకబారాయి, మోకాళ్ళు మాట వినడం మానేశాయి, చెవులు మాత్రం ఇప్పటికీ కుర్రవాడివే. నలభై ఏళ్ళపాటు ముతుబా చెట్టు బెరడుని కొయ్య సుత్తితో బాది బట్ట చేసినవాణ్ణి. బెరడు ఎక్కడ పలచబడిందో, ఎక్కడ చిరగబోతోందో తడిమి చూసేవాణ్ణి కాదు, సుత్తి చప్పుడు విని చెప్పేవాణ్ణి. ఉగాండాలో మా మసాకా చుట్టుపక్కల ఎవరు పోయినా నేను బాదిన బట్టలోనే చుట్టి పూడ్చేవారు. ఆ పనిలో సెంపిజ్జా అంటే పేరున్నవాడే. అలాంటివాణ్ణి, ఆ ఏడాది నవంబరులో, మిడతలు దిగే వానల్లో, అటక మీద తయారుగా ఉన్న మూడు బట్టలవైపు తలెత్తి చూడలేకపోయాను. మా కోడలు నబ్బోసాకి గుండె ఆపరేషన్ అయి అప్పటికి నెల కూడా కాలేదు.

ఇరవై ఆరేళ్ళ పిల్ల. చిన్నప్పుడు గొంతునొప్పి, కీళ్ళనొప్పులు వచ్చి వాటంతటవే తగ్గాయనుకున్నారట. అవి తగ్గుతూ తగ్గుతూ గుండెలో వాల్వుని పాడుచేసి పోయాయి. దాన్ని తీసేసి లోహంతో చేసినది పెట్టారు. నా కొడుకు ముగెర్వా సరిహద్దు దాటి జూబాకి లారీ తోలతాడు. ఆపరేషన్ అయ్యాక పది రోజులు పక్కనే ఉండి, ఇక సెలవు లేదని ఏడుస్తూ లారీ ఎక్కాడు. నా భార్య పోయి మూడేళ్ళు. నబ్బోసాకి తల్లి లేదు. చెల్లెలొచ్చి కొన్నాళ్ళు చూసుకుని, పరీక్షలున్నాయని హాస్టలుకి వెళ్ళిపోయింది. చివరికి మిగిలింది నేను.

కంపాలా గుండె ఆసుపత్రిలో ఆ వార్డుని నడిపింది డాక్టర్లు కాదు, సిస్టర్ అమోంగిన్. తేసో ప్రాంతం పిల్ల, ముప్పై దాటి ఉండవు. మా లుగాండా భాషని ఎండుపుల్లలు విరిచినట్టు మాట్లాడేది. సర్జను చీటీ రాసినా సరే, అమోంగిన్ సంతకం లేనిదే గేటు దాటడానికి లేదు. ఆ సంతకం కావాలంటే ఆమె పెట్టే పరీక్ష నెగ్గాలి. రోగీ నెగ్గాలి, రోగిని తీసుకెళ్ళేవాళ్ళూ నెగ్గాలి.

"మేం చెప్పాం, వాళ్ళు తలూపారు అని ఫైల్లో రాయడం నాకు చేతకాదు," అనేది. "మీ నోటితో మీరు చెప్పండి. నేను వింటాను."

నబ్బోసాని ముందు కూర్చోబెట్టింది. నేను మూడు మంచాల అవతల, నా చోటులో కూర్చున్నాను.

"దగ్గొస్తే?"

"దిండుని రొమ్ముకి గట్టిగా హత్తుకుని దగ్గుతాను."

"మంచం మీంచి ఎలా లేస్తావ్?"

"పక్కకి ఒత్తిగిలి, కాళ్ళు కిందికి దించి. చేతులమీద బరువు వెయ్యను. రొమ్మెముకని తీగతో కుట్టారు కదా, మూడు నెలలదాకా అతకదు."

"నీళ్ళ డబ్బా?"

"ముట్టుకోను."

"సగం డబ్బా?"

"ఖాళీ డబ్బా కూడా ఎత్తను సిస్టర్. ఖాళీది ఎత్తితే నింపాలనిపిస్తుంది."

అమోంగిన్ పెన్ను ఆపి ఆమెవంక చూసింది. ఆ జవాబు ఆవిడ పాఠంలో లేదు. తర్వాత వచ్చిన రోగులందరికీ ఆ మాటే చెప్పిందని విన్నాను.

"రక్తం పలచబరిచే మాత్ర ఎన్నింటికి?"

"రాత్రి ఎనిమిదికి."

"మీ ఇంటి లెక్కలో చెప్పు."

"రాత్రి రెండో గంటకి."

పొద్దు పొడిచినా, పొద్దు కుంకినా అక్కణ్ణుంచి మళ్ళీ ఒకటీ రెండూ అని లెక్కపెట్టడం మాకు అలవాటు. అంతకుముందు ఏడాది మిత్యానా నుంచి వచ్చిన ఒకాయన కాగితం మీద ఎనిమిది అని చూసి, మన ఎనిమిదో గంటే కాబోలనుకుని, నాలుగు నెలలపాటు అపరాత్రి రెండింటికి ఇంటిల్లిపాదినీ లేపి మాత్ర వేసుకున్నాడట. అప్పటినుంచీ అమోంగిన్ రెండు లెక్కలూ చెప్పిస్తోంది.

"ఒకరోజు మర్చిపోతే?"

"మర్నాడు రెండు కలిపి వేసుకోను. మీకు ఫోన్ చేస్తాను."

"ఆకుకూరలు?"

"మానను. రోజూ తినేంతే తింటాను, ఒక గుప్పెడు. ఆకుకూర ఎక్కువైతే మాత్ర పనిచెయ్యదు. మాత్ర పనిచెయ్యకపోతే కొత్త వాల్వు మీద రక్తం గడ్డకడుతుంది."

ఇంకా ముక్కులోంచి రక్తం, నల్లటి విరేచనం, జ్వరం, కాళ్ళవాపు, ఉప్పు, పసరు మందులు, నెలనెలా వేయించుకోవలసిన పెన్సిలిన్ సూది, అన్నీ అడిగింది. పిల్లల్ని కనే సంగతి అడగబోయేముందు మాత్రం నన్ను వరండాలోకి పంపేసింది. ఆ మర్యాద తెలిసిన మనిషి.

తర్వాత నా వంతు. నేను బడికి వెళ్ళింది నాలుగేళ్ళే అయినా, ఒక్కటి తప్పకుండా అప్పజెప్పాను. అమోంగిన్ చేటంత మొహం చేసుకుని, "శభాష్ పెద్దాయనా! ఇలా రండి. మణికట్టు పట్టుకుని నాడి లెక్కపెట్టి చూపించండి, అయిపోయింది," అంది.

నేను లేచి, రెండు చేతులూ వెనక్కి పెట్టుకుని నిలబడిపోయాను.

"ఏమైంది?"

నబ్బోసా మొహం గోడవైపు తిప్పుకుంది. "మాలో మామగారు కోడల్ని ముట్టుకోరు సిస్టర్," అంది గోడతోనే. "పక్కన కూడా కూర్చోరు. ముట్టుకుంటే చేతులు వణికే జబ్బొస్తుందంటారు. ఒబుకో అంటారు."

నిజంగా వస్తుందా అని నన్నడగొద్దు. మా ఊళ్ళో చేతులు వణికే ముసలివాడు కనబడితే చాలు, జనం గుసగుసగా వాడి కోడలి పేరెత్తుతారు. జబ్బుకి భయపడకపోయినా ఆ గుసగుసకి భయపడని మగాడు లేడు.

అమోంగిన్ నవ్వలేదు. "మా వైపూ ఉన్నాయి ఇలాంటివి. మా అమ్మ మా బావ మొహం ఇంతవరకూ సూటిగా చూడలేదు," అంది. కాసేపు పెన్నుతో చెంప గీరుకుని, "చెవులు పనిచేస్తాయా?" అని అడిగింది.

నాకు రోషం వచ్చింది. "బెరడు బట్ట కొట్టే ఏ ఊళ్ళోనైనా నా చెవుల సంగతి అడుగు, చెబుతారు."

ఆమె నబ్బోసా మంచం చుట్టూ తెర లాగింది. టీవీ ఆపించింది. కిటికీలు మూయించింది. వార్డంతా నోరు మూసుకుంది. తెర లోపలికి వెళ్ళి తను నబ్బోసా మణికట్టు పట్టుకుంది. "వినండి," అంది.

మొదట ఏమీ లేదు. తర్వాత తెర అవతలినుంచి, గాజు గ్లాసుకి గోరు తగిలినట్టు, టిక్కు. మళ్ళీ టిక్కు. అది మా ఇంటి పిల్ల గుండెలో కొత్త వాల్వు మూసుకుంటున్న చప్పుడు. ఒక్కో సుత్తిదెబ్బ లెక్కపెట్టినట్టే లెక్కపెట్టాను.

"ఎంత?"

"ఎనభై నాలుగు."

"నా చేతికీ ఎనభై నాలుగే." తెర తీసి బయటికొచ్చి సంతకం పెట్టింది. "లెక్క ఒక్కటే చాలదు పెద్దాయనా. ఆ గొంతు గుర్తుపెట్టుకోండి. అది మొద్దుబారినా, మూగబోయినా, సాయంత్రందాకా చూద్దాం అనుకోవద్దు. బయల్దేరి, దారిలో నాకు ఫోన్ చెయ్యండి."

ఆమె కనిపెట్టిన ఉపాయం చూసి నాకు చెయ్యెత్తి మొక్కాలనిపించింది. మా ఆచారాన్ని వెక్కిరించలేదు, తన పనిని వదులుకోలేదు.

ఇంటికొచ్చిన రోజే ముందుగదిలో దూలానికి నేను బాదిన బెరడు బట్ట ఒకటి వేలాడదీశాను. పొద్దున్నే, సూర్యుడొచ్చాక, నబ్బోసా అవతల కుర్చీలో, నేను ఇవతల పీటమీద. బరువెంత, కాళ్ళు వాచాయా, కుట్టు ఎర్రబడిందా, తను చెప్పేది. నేను నోట్‌బుక్కులో రాసేవాణ్ణి. తర్వాత ఇద్దరం నోరు మూసుకునేవాళ్ళం, ఆ చప్పుడు మాట్లాడేది.

"మామయ్యగారూ, నవ్వొస్తోంది," అంది ఒకరోజు మధ్యలో.

"నవ్వకు. లెక్క పెరుగుతోంది. ఎనభై ఆరు, ఎనభై ఏడు..."

"అలా పైకి లెక్కపెడితే నవ్వు రాదా మరి? వేలంపాట పాడుతున్నట్టుంది."

ఐదేళ్ళుగా మా ఇంట్లో ఉన్న పిల్ల. ఆ తెర కట్టాకే తను నవ్వితే ఎలా ఉంటుందో నాకు తెలిసింది. ఈ సంగతి మేం ఎవరికీ చెప్పలేదు. దాచాలని కాదు, సందర్భం రాలేదు అనుకునేవాణ్ణి. అబద్ధం. దాచాం.

ఆ పిల్ల పట్టుదల చెబితే నమ్మరు. నీళ్ళ డబ్బాలన్నీ బోర్లించి పెట్టింది, చెయ్యి అలవాటుగా పోకుండా. స్నానానికి, గుడ్డలకి పక్కింటావిడ సాయం అడిగింది. సిగ్గుపడలేదు. రోజూ అరటితోటలో మొదటిరోజు పది చెట్లదాకా, తర్వాత పదిహేను, తర్వాత ఇరవై, చెట్లు లెక్కపెట్టుకుంటూ నడిచింది. గుండె కోయించుకున్నది తనైనా, వణికిపోతున్నది నేనని కనిపెట్టి, నాకే ధైర్యం చెప్పేది.

నవంబరు రెండో వారంలో మా అక్క పెర్పెటూవా దిగింది. మా ముగెర్వాకి మేనత్త, అంటే సెంగా. మా వంశంలో కాపురానికొచ్చే ప్రతి పిల్లకీ ఎలా మాట్లాడాలో, ఎలా మెలగాలో నేర్పే గురువు మేనత్తే. నలభై ఏళ్ళుగా ఎంతమంది పెళ్ళికూతుళ్ళని దిద్దిందో ఆవిడకే తెలియదు. నాకంటే ఆరేళ్ళు పెద్దది. ఆవిడ గుమ్మంలో అడుగుపెడితే కోళ్ళు కూడా సర్దుకుని నడుస్తాయి.

నబ్బోసా ఎదురొచ్చి, నిలబడే చేతులు కట్టుకుని తల వంచింది.

"మోకాళ్ళు కూడా కోసేశారా ఏమిటే?" అంది అక్క. మాలో ఆడపిల్ల పెద్దవాళ్ళకి మోకాళ్ళమీద కూర్చుని దణ్ణం పెట్టాలి.

"కోయలేదు సెంగా. మోకాళ్ళమీంచి లేవాలంటే చేతులమీద బరువు పడుతుంది. మూడు నెలలు వద్దన్నారు."

"నీకు దణ్ణం పెట్టొద్దని డాక్టర్లు రాసిచ్చారా?"

"దణ్ణం పెట్టొచ్చన్నారు. లేవొద్దన్నారు," అంది నబ్బోసా.

అక్క మొహం ముడుచుకుంది గానీ ఆ జవాబు ఆవిడకి నచ్చిందని నాకు తెలుసు. మాటకి మాట చెప్పగలిగే పిల్లలంటే ఆవిడకి ఇష్టం. చేతిసంచీ దింపి, పాదాలదాకా ఉండే గొమెసి గౌనుకి నడుంకట్టు బిగించి, తిన్నగా వెనకున్న వంటపాకలోకి నడిచింది. అక్కడికి నేను వెళ్ళను. వంటపాక ఆడవాళ్ళది. కోడలు ఏం తింటోందో చూడటం మామగారి పని కాదు. నేను నెగ్గిన పరీక్ష అంతా ఆ వంటపాక గుమ్మం దగ్గర ఆగిపోయిందని నాకు తట్టలేదు.

ఆవిడ మనసు మంచిది. అందుకే ప్రమాదం. నబ్బోసా మాత్రల చీటీ చదివించుకుని, "ఒంట్లోంచి గిన్నెలకొద్దీ రక్తం తోడేశారు, ఉన్న కాస్తనీ పలచన చెయ్యమంటారా? వీళ్ళని నమ్ముకుంటే అంతే!" అందట. మర్నాటినుంచీ తెల్లవారకుండా లేచి, వానకి ఏపుగా పెరిగిన నకాటి ఆకు, తోటకూర కోసుకొచ్చి, రోట్లో దంచి, పిండి, పచ్చటి రసం తీసి గ్లాసుతో చేతికిచ్చింది. రక్తం పట్టడానికి మా ఊళ్ళో తల్లులందరూ చేసేది అదే. రోజుకి మూడు గ్లాసులు. ఆవిడ ఆకు కోస్తూ తోటలో ఉన్నంతసేపట్లోనే మేం తెర దగ్గర కూర్చుని లేచేవాళ్ళం.

నబ్బోసా చెప్పిందట, చెప్పకుండా ఉండలేదు. "ఆకుకూర రోజూ ఒకే కొలత తినాలన్నారు సెంగా."

"ఒకే కొలతేగా ఇస్తున్నా? నిన్న మూడు గ్లాసులు, ఇవాళ మూడు, రేపూ మూడు."

దానికి ఏ కోడలు ఏం జవాబు చెబుతుంది? వారం వారం రక్తపరీక్ష ఉంది కదా, తేడా వస్తే అందులో తెలుస్తుంది అని ధైర్యం చెప్పుకుంది. పట్నంలో క్లినిక్కుకి వెళితే పరీక్ష చేసే పట్టీలు అయిపోయాయి, వచ్చేవారం రమ్మన్నారు. వచ్చేవారం వెళితే మళ్ళీ అదే మాట. నోట్‌బుక్కులో రెండుచోట్ల 'పరీక్ష లేదు' అని రాశాను. రాసి ఊరుకున్నాను. ఆ రోజే అమోంగిన్‌కి ఫోన్ చేసి ఉండాల్సింది. ఆ తప్పు అచ్చంగా నాదే.

ఆ పైన వాన పట్టుకుంది. మూడురోజులు రేకుల కప్పుమీద ఎడతెగని మోత. పొద్దున్నే ఇద్దరం తెరకి అటూ ఇటూ కూర్చుని, ఒకరి మాట ఒకరికి వినబడక, చేతులు ఊపుకుని లేచిపోయాం. నాలుగోరోజు ఆదివారం. తెల్లారేసరికి వాన వెలిసింది. కోడలు కోలుకుంటోందని దేవుడికి కృతజ్ఞత చెప్పుకోడానికి అక్క మా వాళ్ళందర్నీ పిలిచింది. చర్చినుంచి వచ్చి, ముందురాత్రి దీపాలకి పడిన మిడతల్ని బుట్టలకొద్దీ ముందేసుకుని, వేపుడుకని రెక్కలూ కాళ్ళూ తుంపుతూ వాకిట్లో కూర్చున్నారు. ఎవరెవరి పెళ్ళిళ్ళ గురించో నవ్వులాటలు.

నేను లోపల పీటమీద కూర్చుని చెవి ఒగ్గాను.

చప్పుడు లేదు. బయట నవ్వులవల్ల కాబోలనుకుని తలుపు వేశాను. మళ్ళీ విన్నాను. ఉంది. కానీ ఆ టిక్కు కాదు. తడి బెరడుమీద సుత్తి పడితే లోపలే అణిగిపోతుందే, అలా. నాలుగు దెబ్బలకోసారి అదీ లేదు.

"నబ్బోసా."

"మామయ్యగారూ."

"ఎలా ఉంది?"

మాటకి ముందు ఊపిరి లాగిన చప్పుడు వినబడింది. "బాగానే ఉంది," అంది.

వాకిట్లోకి వెళ్ళాను. "అక్కా, నబ్బోసాని ఇప్పుడే కంపాలా తీసుకెళ్ళాలి. కారు పిలిపించు."

"ఏమైంది? ఇప్పుడేగా నాకు టీ ఇచ్చింది?"

"గుండె చప్పుడు మారింది."

మిడతల రెక్కలు తుంపే చేతులు ఆగలేదు ఇంకా. అక్క తలెత్తి నవ్వింది. "నువ్వేం డాక్టరువిరా? గుండె చప్పుడు మారిందని నీకెలా తెలుసు?"

అక్కడ ఇరవైమంది ఉన్నారు. నా పినతండ్రి కొడుకులు, వాళ్ళ భార్యలు, నా చేతిమీద పెరిగిన పిల్లలు. ఒంట్లో బాగోలేదని కల వచ్చిందనో, మొహం పాలిపోయిందనో చెప్పొచ్చు. అలా చెబితే అక్క లోపలికెళ్ళి, నుదుటిమీద చెయ్యి వేసి చూసి, ఇంకో గ్లాసు రసం ఇస్తుంది. అరవై ఎనిమిదేళ్ళు తలెత్తుకు బతికాను. ఆ తలని అక్కడే దింపేశాను.

"రోజూ వింటున్నాను," అన్నాను. "ఇంటికొచ్చిన రోజునుంచీ, పొద్దున్నే కూర్చుని వింటున్నాను."

అప్పుడు ఆగాయి చేతులు. ఒకడు కిసుక్కున నవ్వబోయి నోరు నొక్కుకున్నాడు.

"కోడలి గుండె?" అంది అక్క. "మామగారు? సెంపిజ్జా, నీకు మతి ఉందా? చచ్చిన మీ ఆవిడ వింటే..."

"నేనే వినమన్నాను."

నబ్బోసా గుమ్మం పట్టుకుని నిలబడి ఉంది. గొంతు పైకి లేవలేదు, అయినా వాకిలి చివరిదాకా వినబడింది. "మధ్యలో తెర ఉంది సెంగా, తెర తీసి ఒక్కరోజూ నన్ను చూడలేదాయన. ఆ చెవులు లేకపోతే నన్ను ఆసుపత్రి నుంచి పంపేవాళ్ళే కాదు." ఊపిరి తీసుకోడానికి ఆగింది. "మూడు రోజులుగా ఒక్క మెట్టెక్కినా ఆయాసం వస్తోంది. మీరు పడుతున్న శ్రమ వృథా అయిందని మీరు బాధపడతారని చెప్పలేదు. నాది తప్పే. ఆయనది కాదు. కారు పిలిపించండి."

ఇరవైమంది పెద్దల ముందు, ఊపిరి ఆడని ఆ పిల్ల, మామగారి మర్యాద కాపాడటానికి అడ్డం నిలబడింది. నా జన్మలో అంతటి ధైర్యం నేను ఇంకెక్కడా చూడలేదు.

అక్క ఒళ్ళోని మిడతల చేట పక్కన పెట్టి లేచింది. కారొచ్చేసరికి అందరికంటే ముందు ఆవిడే ఎక్కి, వెనక సీట్లో నబ్బోసా తలని తన భుజానికి ఆనించుకుని, ఊపిరాడేలా దిండ్లు సర్దింది. నేను ముందు డ్రైవరు పక్కన. మసాకా రోడ్డెక్కగానే అమోంగిన్‌కి ఫోన్ చేశాను. స్పీకరు పెట్టాను.

"మాత్ర మానిందా?"

"ఒక్కరోజు మానలేదు."

"ఆకుకూర ఎంత తింటోంది?"

నేను వెనక్కి తిరిగాను. నాకు తెలియదని అప్పుడు తెలిసింది నాకు. అక్క కిటికీ బయటికి చూస్తోంది. "రోజుకి మూడు గ్లాసుల రసం," అంది. "రెండు వారాలనుంచి. నేనే పిండి ఇచ్చాను."

ఫోన్లో కుర్చీ వెనక్కి జరిగిన చప్పుడు వినబడింది.

"నిజం చెప్పారు, మంచిపని చేశారు అమ్మా," అంది అమోంగిన్. "ఇప్పుడు ఏ మందు పెట్టాలో నాకు తెలుసు. ఎవరూ భయపడొద్దు. నేను గేటు దగ్గర ఉంటాను."

గేటు దగ్గరే ఉంది. సెలవురోజు, ఇంటి గౌనులో వచ్చేసింది. వాల్వు మీద గడ్డ కట్టడం మొదలైంది, ఒక రెక్క సరిగా కదలడం లేదు అన్నాడు డాక్టరు. ఇంకో రెండు రోజులు ఆగి ఉంటే మళ్ళీ కోయాల్సి వచ్చేదన్నాడు, లేదా ఆ అవసరమూ ఉండేది కాదన్నాడు. ఆ రెండో మాట నాకు అర్థం కావడానికి కాస్త టైం పట్టింది. గడ్డని కరిగించే మందు సన్నగా ఎక్కిస్తూ మూడు రోజులు ఉంచారు. నేనూ అక్కా వరండాలో బెంచీమీద. రెండోరోజు సాయంత్రం అక్క చేతులవంక చూసుకుంటూ, "తమ్ముడూ, నేను దానికి రక్తం పోస్తున్నాననుకున్నానురా," అంది. నేను టీ తెచ్చి ఇచ్చాను. తిట్టడానికి నాకు నోరు రాలేదు. ఆవిడ నలభై ఏళ్ళు అందరికీ నేర్పింది. ఆవిడకి నేర్పాలని మాకెవరికీ తోచలేదు.

నాలుగోరోజు పొద్దున్న వార్డులోంచి ఆ చప్పుడు నాకే ముందు వినబడింది. గాజుమీద గోరు. నేను లేచి నిలబడ్డాను. లోపలినుంచి అమోంగిన్ వచ్చేదాకా ఎవరికీ ఏమీ చెప్పకుండా అలాగే నిలబడి విన్నాను.

ఇంకో పది రోజులకి డిశ్చార్జి అన్నారు. అమోంగిన్ ఫైలు పట్టుకుని వచ్చి, "ఈసారి పరీక్ష ఎవరికి?" అంది.

అక్క చెప్పులు విప్పి బెంచీ కింద పెట్టి లేచింది. "నాకు."

నేర్పింది అమోంగిన్ కాదు, నబ్బోసా. మంచంమీద దిండ్లకి ఆనుకుని కోడలు, ఎదుట పీటమీద మా వంశానికంతా గురువు. అక్క మొదటిరోజు తప్పింది. నీళ్ళ డబ్బా సగం ఎత్తొచ్చు అంది. రెండోరోజూ తప్పింది. ఆకుకూర పూర్తిగా మానిపించేస్తాను అంది, భయంకొద్దీ.

"మాన్పించకూడదు సెంగా. గుప్పెడు," అంది నబ్బోసా.

"ఎవరి గుప్పెడే? నాదా, నీదా?"

నబ్బోసా తన చెయ్యి చాపి వేళ్ళు మూసి చూపించింది. అక్క దాన్ని తన రెండు చేతుల్లోకి తీసుకుని, కొలత పట్టినట్టు చాలాసేపు చూసింది. "ఇంతేనా!" అంది. తర్వాత ఆ పిల్ల రొమ్ముకి చెవి ఆనించి గుండె చప్పుడు లెక్కపెట్టింది. ఒకసారి డెబ్భై అంది, ఒకసారి నూట ఇరవై అంది. ఎవరో మంచం జరిపినా కలిపి లెక్కేసింది.

మూడోరోజు అమోంగిన్ స్వయంగా కూర్చుంది. నేను పద్ధతి ప్రకారం గుమ్మం బయట నిలబడ్డాను. అక్క తడబడకుండా చెప్పుకొచ్చింది. దగ్గు, దిండు, రెండో గంట మాత్ర, నల్ల విరేచనం, గుప్పెడు ఆకు. పరీక్ష పట్టీలు లేవంటే ఆ రోజే ఫోన్. ఒక్కటి తప్పలేదు.

"ఆఖరి ప్రశ్న," అంది అమోంగిన్. "చప్పుడులో ఏదో తేడా ఉందనిపించింది. మీ చెవికి సరిగ్గా తేలడం లేదు. ఏం చేస్తారు?"

అక్క నబ్బోసావంక చూసింది. వార్డులో అటూ ఇటూ మా భాష తెలిసిన ఆడవాళ్ళు నలుగురైదుగురు ఉన్నారు, వాళ్ళనీ చూసింది. తర్వాత అందరికీ వినబడేలా గొంతు సవరించుకుంది.

"మా తమ్ముణ్ణి పిలుస్తాను," అంది. "ఆ తెర తీసి అవతల పారేసి, దగ్గర కూర్చోబెట్టి, వినరా అంటాను."

"తర్వాత?"

"తర్వాత మీకు ఫోన్ చేస్తాను. ముందు వాడు వినాలి."

అమోంగిన్ సంతకం పెట్టింది.